వీపు మీద అవుటు

కామాడి గంగులని, మా అమ్మకి తాత, కోరంగి రేవులో దొరల ఓడెక్కి పోయాడంట. ఏ ఊరెళ్ళాడంటే అమెరికాలో పిలడెల్పియా. ఆ పేరుకి మా అమ్మకీ నోరు తిరిగేది కాదు, నాకూ తిరగదు, మీరే సర్దుకోండి. అక్కడ ఏమైందంటే, తెరసాప కొయ్య ఇరిగి ఓడ ఆగిపోయింది. అది బాగయ్యేదాకా సైలస్ అని, పీపాలు బిగించే ముసలోడింట్లో ఉన్నాడనుకో. ఆ సైలసూ, ఆయనీడు ముసలోళ్ళూ శనివారమైతే ఏటొడ్డు బీట్లో గుంజలు పాతి బంతాట ఆడేవోరంట. ఒకడు బంతి ఇసురుతాడు, ఇంకోడు కర్రతో కొట్టి గుంజల సుట్టూ పరిగెడతాడు. పరిగెట్టేవోణ్ణి బంతెట్టి కొడితే అవుటు. మన ఏడు పెంకులాటలో కొట్టుకోమూ, అలాగే. గంగులు మురిసిపోయాడంట. ఇంత దూరం ఒచ్చినా ఈపులు వాయాల్సిందేనా అన్నాడంట.

ఈలోగా కుర్రోళ్ళు బయలెల్లారు, కొత్తాటంట, బేసుబాలంట. గుంజల బదులు నేలమీద సంచులు. బంతెట్టి కొడితే ఒప్పుకోరు, బంతి సేత్తో పట్టుకుని మనిషిని ముట్టుకోవాలంట. ఊరంతా అదే ఆట, బీడు మాకు కావాలన్నారు. నలభై ఏళ్ళుగా ఆడతన్నాం, ఒక్క శనివారం మాకొదిలెయ్యండి బాబూ అన్నాడంట సైలస్. సరే, మా ఆటలో మమ్మల్ని ఓడించండి, శనివారం మీదే, ఓడితే మీ గుంజలు పీక్కెళ్ళండి అన్నారు. ముసలోళ్ళలో ఒకడికి మోకాళ్ళు పట్టేసి గంగుల్ని దింపారు. సైలస్ పొద్దున్నించీ నూరుసార్లు సెప్పాడంట, గంగులూ, ఇసరకు, ముట్టుకో, ఇసరకు, ముట్టుకో అని. గంగులు తలూపాడు.

గుంజల పక్కనే సంచులేసి ఆడారు. ముసలోళ్ళు పేణం పెట్టి ఆడారనుకో. ఆఖర్న ఒక్క పరుగు పైనున్నారు. ఇంకొక్కణ్ణి అవుట్ సేత్తే గెలిసినట్టే. కుర్రోళ్ళు ఇద్దరు పరిగెడతన్నారు, బంతి గంగులు సేతిలో ఉంది. ముందున్నోడు పక్కనించే పోతన్నాడు, సెయ్యి సాపితే సాలు. సాపాడా? పెంకులాటలో పెరిగిన సెయ్యి, అదెక్కడ ఇంటాది. ఇసిరాడు. ఆడి ఈపు మీద దబ్బుమంది. బంతి ఎటో దొర్లిపోయింది, ఇద్దరూ పరుగు పూర్తి సేసేసారు. శనివారం పోయింది.

తప్పైపోయింది తాతా, అని ఒచ్చీరాని ఓడ ఇంగిలీసులో అన్నాడంట గంగులు. తిడతాడనుకుంటే, సైలస్ ముసలోడు నవ్వుతున్నాడంట, కళ్ళనిండా నీళ్ళెట్టుకుని. "ఆ సప్పుడు ఇంక ఈ బీట్లో ఇనపడదు గంగులూ. నేను పరిగెడతాను, కొట్టు" అన్నాడంట. డెబ్బై ఏళ్ళోడు, గుంజల సుట్టూ తూలతా పరిగెట్టాడు. గంగులు మెల్లిగా ఇసిరాడు. "గట్టిగా కొట్టయ్యా, తగిలినట్టు నాకు తెలియాలి గదా" అన్నాడు. గట్టిగానే కొట్టాడు. ముసలోడు ఆగి, "అవుటు" అని తనకి తనే సెప్పుకుని, గుంజలు పీకి బుజానేసుకుని ఇంటికెళ్ళిపోయాడంట.

ఆ ముచ్చటెత్తితే గంగులు తాత కళ్ళు తుడుసుకునేవోడని మా అమ్మ సెప్పేది. ఆట పోగొట్టినందుక్కాదంట, ఆ ముసలోణ్ణి రెండోసారి గట్టిగా కొట్టినందుకు. కుర్రోళ్ళు ఒప్పుకోలేదు గానీ, నన్నడిగితే ఆ కుర్రోడికి తగిలిన మొదటి దెబ్బా అవుటే. కాదనేవోళ్ళుంటే లేసి పరిగెట్టండి, నా సెయ్యింకా బాగానే ఉంది.