ఆర్పొద్దండి సార్

మూడు దినాలాయ ఎలిజబెత్. అన్నం పెడతాండావ్, నీళ్ళు పెడతాండావ్, మాట మాత్రం పెట్టడంల్యా. యేసుప్రభువు గూడా సమాధిలో ఉండింది మూడు దినాలే. ఆ పైన ఆయనే లేసి మాట్లాడె.

సరే, మాట్లాడాకు. ఆ అనపకాయలు వలుచుకుంటానే విను.

శిరివెళ్ళ కాడ బస్సు పంచరు పడిందని చెప్తి గదా, అది అబద్ధం. నీకు తెలిసిపోయిందిలే. మీ బడిలో అరుణకుమారి టీచరు చెల్లెలు ఆ పొద్దు అదే దారిన వచ్చిందంట, ఏ బస్సూ యాడా ఆగలేదని చెప్పిందంట. పంచరు పడింది నాకు, బస్సుకు కాదు.

ఇరవై ఎనిమిదేండ్లు దినామూ నంద్యాలలో బస్సెక్కి, ఆళ్ళగడ్డ పోయి, పిల్లోళ్ళకు లెక్కలు చెప్పొస్తివి. ఒక్క దినం, నీ రిటైర్మెంటు సన్మానానికి, నలభై కిలోమీటర్లు నేను రాలేకపోతి. ఎందుకో తెలుసా? ఎలుకను పట్టుకొని కూర్చున్యా.

నవ్వొస్తే నవ్వు. ఎలుకంటే కంప్యూటరు మౌసు. మా కాలేజీ అటెండరు ఓబయ్య దాన్ని అట్లనే పిలుస్తాడు.

నేను పన్నెండు బస్సుకు పోదామని పర్మిషన్ గూడా తీసుకొనింటి. నువ్వు ఇస్త్రీ చేసిచ్చిన చొక్కానే వేసుకొనింటి. శ్రావణి ఉంది గదా, మా కంప్యూటరు మేడం, ఇరవై మూడేండ్ల పిల్ల. ఇంటరు పిల్లోళ్ళ పరీక్ష లిస్టు ఆ పాపే టైపు చేసింది. నాలుగు నూర్ల పన్నెండు పేర్లు. సాయంత్రం ప్రిన్సిపాల్ చూసి సరే అంటే పంపాల. లేకుంటే పిల్లోళ్ళకు హాల్ టికెట్లు రావు.

పదింటికి పాణ్యం నుంచి ఫోనొచ్చె, వాళ్ళమ్మ జారి పడిందని. ఆ పాప బ్యాగు తీసుకొని పరిగెత్తుతా నాతో ఒకే మాట చెప్పె. "లిస్టు తెరిచే ఉంది. ప్రిన్సిపాల్ సార్ వచ్చేదాకా ఆర్పొద్దండి సార్."

స్విచ్చి ఆర్పొద్దని ఆ పాప చెప్పింది. తెర ఆరిపోగూడదని నాకు అర్థమాయ.

ఆ డబ్బా సంగతి నీకు తెల్దు. పది నిమిషాలు తాకకుంటే చాలు, తెర నల్లగా అయిపోతాది. నిద్రపోతాదంట. నిద్ర అని ఇప్పుడు తెలిసింది. అప్పుడు నా లెక్కలో అది చావే. పేర్లన్నీ పోయినట్లే.

శ్రావణి చెయ్యి ఎప్పుడూ మౌసు మీదనే ఉండేది చూసింటి. మనమూ కదిలిస్తా ఉంటే ఆరిపోదు గదా అని కూర్చున్యా. తెర మీద బాణం గుర్తు అట్ల పోతాది, ఇట్ల వస్తాది. దానికి నేను తోడు, నాకు అది తోడు. నువ్వు కట్టిచ్చిన చిత్రాన్నం స్పూనుతో ఎడమ చేత్తో తిన్యా, కుడి చెయ్యి ఖాళీ లేక. ఒంటేలుకు పోవాలన్నా గడియారం చూసుకొని పరుగు. పిల్లోళ్ళు చూసి నవ్విరి.

పన్నెండు బస్సు పాయ. ఒంటి గంట బస్సూ పాయ. ఓబయ్య వచ్చి, "ఏంది సార్, మేడం సన్మానానికి పోలేదా" అనె. పోతాలేప్పా అంటి.

వాన్ని కూర్చోబెట్టి రావచ్చు గదా అంటావేమో. ఓబయ్యా, ఈడ కూర్చొని దీన్ని కదిలిస్తా ఉండు అంటే, ఎందుకు సార్ అని అడుగుతాడు. ఎందుకో నాకు తెలిస్తే గదా చెప్పేదానికి. పక్క గదిలో కుర్ర లెక్చరర్లు ఇద్దరుండారు. అడిగింటే అర నిమిషంలో చెప్పుంటారు. అడగలేదు.

ఎట్ల అడిగేది? ముప్పై ఏండ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినోన్ని. కోయిలకుంట్ల నుంచి, అవుకు నుంచి వచ్చి నా కాడ లోయరు, హయ్యరు పాసై ఎంతమంది గుమాస్తాలు కాలేదు? కంప్యూటర్లొచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతబడినాక ఈ కాలేజీకి గుమాస్తా పనికి పోతే, కంప్యూటరు వచ్చా అని అడిగిరి. అక్షరాలు అవే గదా సార్, వచ్చు అంటి. అప్పట్నుంచీ వచ్చినోని మాదిరే ఉండా.

మూడు కొట్టె. ఆడ నిన్ను స్టేజీ మీద కూర్చోబెట్టింటారు. ఈడ నేను ఎలుకను కదిలిస్తాండా.

అయిదు కావస్తాంటే ప్రిన్సిపాల్ వచ్చె. ఏడు గంటలు కాపాడినోన్ని, ఆయన్ను చూస్తానే లేసి నమస్కారం పెడితి. రెండు చేతులతో. ఆయన కర్నూలు మీటింగు సంగతులు మొదలుపెట్టె. మళ్ళా కూర్చునేదానికి మర్యాద అడ్డమొచ్చె. చేతులు కట్టుకొని వింటా నిలబడితి. ఎంతసేపాయనో, తిరిగి చూస్తే తెర నల్లగా ఉండాది.

పేర్లన్నీ పాయ అనుకుంటి. ఆయన మాట్లాడతానే కుర్చీలో కూర్చొని మౌసును అట్ల తాకె. తెర తెల్లగా వచ్చె. పేర్లు యాడివి ఆడనే ఉండాయి.

"లిస్టు బాగుంది. ఏందప్పా కొండయ్యా, చెమటలు పడుతాండాయే" అనె.

ఉక్కగా ఉంది సార్ అంటి. నవంబరు నెలలో.

నేను ఆళ్ళగడ్డలో దిగేటప్పటికి మీ బడిలో కుర్చీలు మడుస్తాండారు. నువ్వు దండ చేతిలో పట్టుకొని గేటు కాడ నిలబడింటివి. నా పేరు రెండుసార్లు పిలిచినారంట, నీ పక్కన కుర్చీ కడదాకా ఖాళీగానే ఉండెనంట. నువ్వు మైకులో ఏం చెప్తివో గూడా అరుణకుమారి నాకు చెప్పింది. మా ఆయన ఈ వయసులో కంప్యూటరు నేర్చుకున్యాడు, ఆయన లేకుంటే ఆడ పని జరగదు, అందుకే రాలేదు అంటివంట. అందరూ చప్పట్లు కొట్టిరంట. నీ సన్మానంలో, నాకు.

అది విన్నాకనే నీకు నిజం చెప్పాలని కూర్చున్యా ఎలిజబెత్.

ఇంకోటి గూడా చెప్పేస్తా. పదిహేను దినాల కిందట శ్రావణి రెండు నూర్ల పేర్లు కొట్టి టీకి పోయింటే, తెర నల్లబడె. నేను గాబరాపడి స్విచ్చి ఆర్పి మళ్ళా వేస్తి. పేర్లు లేవు. ఏమాయ సార్ అని ఆ పాప అడిగితే, కరెంటు పోయిందమ్మా అంటి. పాపం, రెండు దినాలు కూర్చొని అన్నీ మళ్ళా కొట్టె. నేను పక్కన నిలబడి కరెంటోళ్ళను తిట్టిన్యా. రెండోసారి గూడా నా చేతిలోనే పోతే ఆ పాప ముఖం ఎట్ల చూసేది? అందుకే ఆ పొద్దు కుర్చీలోనుంచి లేయలేకపోతి.

నిన్న శ్రావణి పాణ్యం నుంచి వచ్చె. వాళ్ళమ్మ చేతికి కట్టు కట్టినారంట. వస్తానే నా కాడికొచ్చి, "ఓబయ్య చెప్పినాడు సార్. మేడం సన్మానం గూడా వదులుకొని నా లిస్టు కాడ కూర్చున్యారంట. ఈ మేలు మర్చిపోను" అనె. కండ్లల్లో నీళ్ళు ఆ పాపకు.

నిజం చెప్పేదానికి అంతకన్నా మంచి టైము యాడ దొరుకుతాది? నోరు తెరిస్తి గూడా.

"ఏముందిలేమ్మా, మన డ్యూటీయే గదా" అంటి.