మల్లెపూల కట్టు

గోదావరికి ఆనకట్ట కట్టిన కొత్తలో ఒక పొద్దుటిపూట, సఖినేటిపల్లి రేవు పక్కన వీరమ్మ పెరడు. తలంటి పొయ్యడానికి మంత్రసాని సూరమ్మ వచ్చింది. వీరమ్మ మొగుడు పడవ పనికి వెళ్ళాక ఆ ఇంటి గడప తొక్కే మనిషి ఆవిడొక్కతే.

“చెయ్యి అడ్డం పెట్టకే వీరమ్మా. నూనె కారిపోతోంది.”

“అక్కడొద్దత్తా. వీపు రుద్దు, చాలు.”

“వీపు ఎప్పుడో అయ్యింది. తియ్యి చెయ్యి... ఇదేంటే?”

“ఏం లేదు.”

“ఏం లేదంటావేంటి, చేతికి తగులుతుంటే! చింతపిక్కంత ఉంది. ఎప్పట్నించి?”

“నీళ్ళు చల్లారిపోతున్నాయత్తా.”

“చల్లారనీ. ఎప్పట్నించని అడుగుతున్నాను.”

“మొన్న వరదలప్పట్నించి.”

“నొప్పుందా?”

“నొప్పెందుకు? అది పాలు.”

“పాలా! నీ బిడ్డ పోయి ఏడాది దాటింది. పాలు ఇంకిపోవాలని నా చేత్తో మల్లెపూలు కట్టేను కదే గుండెలకి.”

“నువ్వు కట్టేవు. నువ్వు వీధి మలుపు తిరగ్గానే నేను విప్పేసేను.”

“విప్పేసేవా! ఎందుకే?”

“బిడ్డ ఎలాగూ పోయేడు. వాడి పాలు కూడా పోగొట్టుకోమంటావా? ఆయన చూస్తే పడవ మీదే ఉంటాడు. ఈ ఇంట్లో నాతో మాటాడ్డానికి పిల్లి కూడా లేదు. వాడిదంటూ నా దగ్గర మిగిలింది ఇదే. రాత్రిళ్ళు దీని మీద చెయ్యేసుకుని పడుకుంటాను.”

“పిచ్చితల్లీ! పాలు గడ్డ కడితే జ్వరమొస్తుంది, సలుపుతుంది, చెయ్యి వెయ్యనివ్వదు. ఇది సలపదు, కదలదు. సలపదు కదా అని ఊరుకునేది కాదిది.”

“మంత్రసానివి, నువ్వే భయపెడితే ఎలా అత్తా?”

“భయపెట్టడానికే చెప్తున్నాను. నర్సాపురంలో వైద్యం చేసే దొరున్నాడు. ఏదో మందు వాసన చూపించి, నిద్రపుచ్చి, కోసి తీసేస్తాడు. ఇంతున్నప్పుడైతేనే. పెరిగిపోతే ముట్టుకోడు. రేవు దాటితే నర్సాపురమే, నేనూ వస్తాను.”

“పరాయి మగాడి ముందు పైట తియ్యమంటావా?”

“దొరసాని పక్కనే ఉంటుంది. అయినా పైట గొప్పా, ప్రాణం గొప్పా?”

“నేను రాను. వాడి పాలు కోయించుకోను. బిడ్డ పోయిన బాధ నీకేం తెలుసు!”

“నాకేం తెలుసు... సరే. నూనె తుడుచుకుని నీ చెయ్యి ఇలా తే. ఇక్కడ. నా పైట కింద.”

“అయ్యో, అత్తా! రాయిలా ఉందే! ఈ చెమ్మేంటి?”

“పుండు. కనపడకుండా గుడ్డ కట్టుకుంటున్నాను. నా ఆఖరోడు పోయినప్పుడు పూలు నేనే కట్టుకున్నాను, నేనే విప్పేసుకున్నాను. నేనూ పాలే అనుకున్నానే.”

“దొరకి చూపించుకోలేదా?”

“చూపించుకున్నాను. చింతపిక్కంత ఉన్నప్పుడు రావలసిందన్నాడు.”

“ఊళ్ళో ఆడాళ్ళందరి ఒళ్ళూ నీ చేతికి తెలుసు కదా. నీది నీకు తెలీలేదా అత్తా?”

“తెలిసింది. ‘అది పాలు కాదే, వెళ్ళి చూపించుకో’ అని నన్ను కసిరే మనిషే లేదు. ఊరందరికీ నేను నీళ్ళు పోస్తాను. నాకు పోసేదెవరే?”

“అత్తా...”

“ఏడవకు. లే మరి. పడవ ఆవలి ఒడ్డు నించి బయల్దేరింది.”

“ఆ పడవ పోతే ఇంకో పడవొస్తుంది. దొర దగ్గరికి వస్తాను, ఒట్టు. ముందు నువ్వా పీట మీద కూర్చో. ఇవాళ నీకు నేను పోస్తాను.”