రెండు, ఒకటి, ఇరవై

ఆ పెట్టె పట్టుకుని అలా చూడకు అబ్బాయ్, నేనేదో దాని గొంతు పిసికినట్టు! ఏదో వైటూకే కంప్యూటర్ పని అంటూ మూడు నెలలు సిడ్నీలో కూచోడం, దిగీ దిగగానే ఇంటాయన్ని నిలదీయడం. బాగుందయ్యా మహీధరూ!

అసలు ఈ దేశంలో ఇంట్లో పాముని పెంచడమే నేరం కదా? తెలిస్తే టోవా పాయోలో ఈ సర్కారు ఫ్లాటు నాకు మిగిలేదా? అయినా నోరు మూసుకుని సాకానా లేదా? పొద్దున్న పోయింది. ఏం చెయ్యను, దొంగచాటు ప్రాణిని ఏ డాక్టరుకి చూపించను?

తిండికి లోటు చెయ్యలేదు. గోడకి నువ్వంటించిన కాగితంలో రెండు, ఒకటి అని లేదూ? ఒక్క వారానికి రెండు ఎలుకలు. ఫ్రిజ్జులో నువ్వు పెట్టినవి నెలలోపే అయిపోతే, హాకర్ సెంటర్ తిండి కొట్ల వెనక బోను పెట్టి నేనే పట్టా. ఈ వయసులో! తాడులా ఇచ్చి వెళ్లావు, రోకలిలా చేశా.

కింద ఇరవై ఉంది. నీ గది ఏసీ ఇరవై మీంచి కదపలేదు. నా మోకాళ్లు బిగుసుకుపోయినా సరే.

తర్వాత మింగింది మింగినట్టే కక్కేది. పాపం, ఆకలేమోనని మళ్లీ పెట్టా.

ఏంటీ? మళ్లీ చెప్పు.

రెండు వారాలకి ఒక్కటా?

ఇరవై... నిమిషాలా? రోజూ బయటికి తీసి కర్ర మీద పాకించాలా? చలికి దానికి తిన్నది అరగదా?

అలామక్... అయ్యయ్యో...

మరి నోటితో చెప్పి ఏడవచ్చుగా! ఆఁ, అడిగావులే. "అంకుల్, చదివి చెప్పనా?" అన్నావు. ఎక్కడ? లిఫ్టు దగ్గర, ఎదురింటి లీలావతి వింటూండగా! ముప్పై ఏళ్లు షిప్‌యార్డులో స్టోరు చూసినవాణ్ణి పట్టుకుని అంత మాటా? "ఎప్పుడో చదివేశా, ట్యాక్సీ ఎక్కు" అన్నా. అది నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా.

స్టోర్లో పెట్టెల మీద అంకెలే ఉంటాయి అబ్బాయ్. అంకెలు నాకొచ్చు.

ఉత్తరాలొస్తే మా రాజమ్మ చదివేది. చదివి, "మా ఆయన చదివి చెప్పారు" అనేది నలుగురిలో. అది పోయాక నాకు ఉత్తరం విప్పాల్సిన పనే పడలేదు.

ఆ పెట్టె దించు. తలుపు వెయ్యి ముందు, లీలావతి ఉంటుంది.

ఇప్పుడా కాగితం తీసి చదువు. వేలు పెట్టి, మెల్లిగా... ఏ అక్షరం ఏదో నాకు తెలిసేట్టు.