సున్నా వచ్చేదాకా

ఒకే కుర్చీలో ఇరుక్కుని కొత్త దంపతులు, ఎదురుగా ల్యాప్‌టాప్. ముందుగదిలో అత్తగారు, పెళ్ళి వీడియో తీసినాయన.

“మొత్తం కాపీ అయిందన్నారు. మరి నేను నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే ఆగిపోయానేమిటి?”

“అలాగే బాగున్నావులే.”

“మాట మార్చకండి. మా నాన్న మాట్లాడింది, అందరి ఫొటోలు... మిగతా సగం పెళ్ళి ఏదీ?”

“కెమెరా కార్డులోనే ఉంది.”

“ఆ కార్డు చెరిపేసి ఇంకో పెళ్ళికి పట్టుకెళ్ళాలని ఆయన కాచుక్కూర్చున్నాడు. మామూలుగా కాపీ చేస్తే పోయేదిగా?”

“సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్ ఉండగా...”

“గొప్పలు నా దగ్గరా? జరగండి, చూడనివ్వండి.”

“జరిగితే కింద పడతాను.”

“పడండి. ఇదిగో, ఇక్కడ. కార్డుని ఒకసారి అడిగినదానికంటే తక్కువొస్తే చాలు, ఫైలు అయిపోయిందని ఆపేస్తున్నారు.”

“అయిపోతేనే కదా తక్కువొచ్చేది?”

“మీరు చెంబుడు నీళ్ళడిగితే నేను సగమే తెచ్చాననుకోండి. ఇంట్లో నీళ్ళు అయిపోయినట్టా?”

“నీకు బద్ధకమైనట్టు.”

“కార్డుకీ అంతే. ఇచ్చినంత తీసుకోవాలి, అంతే రాసుకోవాలి, మళ్ళీ అడగాలి.”

“ఎప్పటిదాకా?”

“సున్నా వచ్చేదాకా, అంటే ఇక ఇచ్చేదేమీ లేదనేదాకా. మధ్యలో తప్పొస్తే తప్పొచ్చిందని చెప్పాలి. మొత్తం అయిందని కోతలు కొయ్యకూడదు.”

“సరే మేడమ్. మార్చాను. చూడు, చూడు, నోరు మూశావు.”

“హమ్మయ్య. నాన్న కూడా వచ్చేశాడు.”

“ఇంకా వస్తోంది. వీడియో ఆయన భోజనానికెళ్తూ కెమెరా ఆపడం మర్చిపోయి, కల్యాణమండపంలో మీ గదిలో కుర్చీ మీద పెట్టాడట.”

“మా గదిలోనా? ఆపండి.”

“ఏం?”

“ఆపండి బాబూ, వచ్చింది చాలు.”

“సున్నా రావద్దూ?”

“అది కాదండీ... అక్కావాళ్ళు అడిగితే, అత్తయ్యగారిలా నడిచి చూపించాను.”

“మా అమ్మలానా? నడుం మీద చెయ్యి పెట్టుకునా?”

“పెట్టుకునే. దగ్గు కూడా.”

“అమ్మా, ఒకసారి ఇలా రా.”

“మీకు దణ్ణం పెడతాను, పిలవకండి.”

“ఏమిట్రా, అయిందా? పాపం ఆయన వెళ్ళాలట.”

“నీ కోడలు ఆపేయమంటోందమ్మా.”

“ఏం లేదత్తయ్యా. చివర్న ఏమీ లేదు, ఖాళీ గది.”

“ఖాళీ ఎక్కడిదే అమ్మాయ్? ఆపకురా, మొత్తం రానీ. ఇది నాలా నడిచి బయటికెళ్ళాక, వాళ్ళక్కలకి దీనిలా నడిచి చూపించింది నేనే.”