ముందుగాల నా కాళ్ళ మీద

"అవ్వా, రేపు తమ్ముణ్ణి దవాఖాన నుంచి తెస్తే తానం నువ్వే పోస్తవా?"

పోస్త బిడ్డా, పోయకేం జేస్త. మీ అమ్మకు తల్లి లేకపాయె. నువ్వు దవాఖానల పుట్టినంక నీ పురుడు గూడ గీ ఇంట్లనే జేస్తిమి, నీకు గూడ నేనే పోస్తి. గాని... జర ఇట్ల వచ్చి కూసో. నా కుడికాలు చెప్పు ఏదే? అగో, గడప కాడనే ఊడిందా! ఊడింది గూడ తెల్వలె సూడు. పోనీ, తర్వాత తెద్దువు గని కూసో. గా మిద్దె మీద డబ్బా లేదా, దాని నీళ్ళే రేపు తమ్మునికి. దాన్ని సూస్తే నాకు ఇప్పటికీ భయమే.

నువ్వు కడుపుల ఉన్నప్పుడు మనకు తానాల నీళ్ళకు కట్టెల పొయ్యే. తుమ్మ కట్టె, పత్తి కట్టె, ఏది దొరికితే గది. గ్యాసు ఉండె గని, గ్యాసు మీద తానాలకు ఎవలు కాగవెడుతరే, బుడ్డి ఒడిశిపోతే మల్ల కొత్తకోటకు ఉరకాలె. పొయ్యి ముట్టిస్తే ఇల్లంత పొగ. మీ అమ్మకేమో సిన్నప్పటి సంది దమ్ము. నిండు మనిషి, ఊపిరి అందక గోడ పట్టుకోని నిలవడితే మీ నాయినకు పాణం కొట్టుకున్నది. కొత్తకోట రోడ్డు మీద వెల్డింగు దుకాణం గదా ఆయనది, గాడ ఇనుప పైపులు తెచ్చి నిచ్చెన లెక్క అతికిండు. రేకు పెట్టెల పెట్టి, నల్లరంగేసి, పైన పాత కిటికీ అద్దం బిగించిండు. దానికంటె ఎత్తుల డ్రమ్ము, డ్రమ్ముకు సుట్టూత గోనెసంచులు, వరిగడ్డి. డ్రమ్ము అడుగుకెల్లి సన్నీళ్ళు పైపులకు దిగుతయట, ఎండకు కాగి మల్ల డ్రమ్ములకే ఎక్కుతయట. మోటరు లేదు, కరెంటు లేదు. ఎవలు తిప్పుతున్నర్రా వాటిని అని అడిగిన. ఎండనే తిప్పుతదమ్మా అన్నడు. మన పాలమూరు ఎండ తెల్వనిదా? బైట తిరిగితేనే మనిషిని పడగొడతది. దాన్ని తీస్కపోయి పెట్టెల పెట్టి మూత బిగిస్తివి, గది ఊకుంటదారా అన్న. నవ్విండు. మీ తాత ఉంటే ఒప్పుకునేటోడు గాదు. ఆయనకు గొర్లమంద తప్ప కొత్తది ఏదొచ్చినా పడకపోతుండె. ఇంట్ల ఫ్యాను పెడితే నెత్తిన పడ్తదని వాకిట్ల పండుకున్నడు, గసుంటి మనిషి. ఆఁ, ఏం జెప్తున్న? నీళ్ళు.

మన దిక్కు పసిపిల్లలకు ఎండనీళ్ళు పోసుడు అలవాటు. ఇత్తడి గంగాళంల నీళ్ళు నింపి వాకిట్ల పెడితే పొద్దెక్కే వరకు గోరెచ్చగ అయితయి. వాటిల సన్నీళ్ళు కలపరు. కలిపితే పిల్లకు పడిశెం వడ్తదంటరు. మీ నాయినకు గట్లనే పోసిన.

నిన్ను దవాఖాన నుంచి తెచ్చిన దినం నడి ఎండకాలం. అన్ని దినాలు అందరం దవాఖాన కాడనే ఉంటిమి, డ్రమ్ముల నీళ్ళు ఎవలు ముట్టలే. లోపల మరిగి మరిగి ఉన్నయి. మీ తాత అక్క, మా ఎల్లమ్మ వదినె, పాపం ఇప్పుడు లేదు గని, డ్రమ్ము నల్లా కింద బకెట్ పెట్టి నింపుకొచ్చింది. "ఎండనీళ్ళే గదనే, సన్నీళ్ళెందుకు" అన్నది. ఆమె తప్పు గాదు బిడ్డా. ఎండనీళ్ళు మనిషిని కాలుస్తయని మా అవ్వలు గూడ ఇనలే. పొయ్యి మీది నీళ్ళయితే కుతకుత సప్పుడు జేస్తయి, మంట కనవడ్తది. గివి సప్పుడు లేకుంట వచ్చినయి.

వదినె నీకు నూనె రాసి చేతులల్ల పట్టుకున్నది. నేను పీట మీద కాళ్ళు సాపి కూసున్న. పిల్లను కాళ్ళ మీద ఏసుకోకముందు ఒక చెంబెడు మన కాళ్ళ మీద పోసుకుంటం. సల్లటి కాళ్ళు పసిపాణానికి తాకొద్దని, అంతే. పోసుకున్న. ఓరి దేవుడా! తోలు ఊడొచ్చింది బిడ్డా, గిదో, గీ మచ్చలు గవే. నేను మొత్తుకున్న మొత్తుడుకు వదినె అదిరిపడి నిన్ను జారిడిసేటట్టు అయింది. నేను కాళ్ళు సూసుకోలె, నిన్నే సూసిన. మంచిగ ఆవులిస్తున్నవ్. గా చెంబు నీ మీద... వద్దు, నోటెంబడి అనలేను.

పలగ్గొట్టురా దాన్ని అన్న. మీ నాయిన సుత్తె పట్టుకోని మిద్దె ఎక్కిండు గూడ. మీ అమ్మనే మంచంలకెల్లి "పొగల నేను బతకనత్తమ్మా" అన్నది. గా మాటకు నేనే మీ నాయినను కిందికి దిగుమన్న. అప్పటి సంది పక్కన సన్నీళ్ళు లేంది గా నల్లా ఇప్పం. అయినా గూడ నీకు పోసినన్ని రోజులు మొదటి చెంబు నా కాళ్ళ మీదనే. మీ అమ్మకు గదే ధైర్యం. నిన్న దవాఖానల గూడ అన్నది, "అత్తమ్మ కాళ్ళున్నయి, నాకేం ఫికర్ లేదు" అని.

గదే బిడ్డా నా భయం. షుగరొచ్చినంక నా కాళ్ళకు సోయి లేదు. మొన్న తుమ్మముల్లు దిగి నెత్తురు కారుతుంటె నువ్వు జెప్పేదాంక నాకు తెల్వలె. చేతులు గూడ గట్లనే అయినయి, కాలే గిన్నెను ఉత్త చేతుల దించుతున్న. సన్నీళ్ళు కలుపుతం సరే, సరిపోయినయా లేదా అని నాకెవలు జెప్పాలె? మంచిగనే ఉన్నయనుకోని తమ్ముణ్ణి ఏసుకుంటె... మీ అమ్మకు జెప్పలే. మీ నాయినకు జెప్పలే. నీకే జెప్తున్న.

"నేను చెయ్యి పెట్టి సూస్త అవ్వా."

వద్దు! నీ చెయ్యి పెట్టకు, నీకు దండం పెడుత. నేనే పోసుకుంట, ఎప్పటి తీర్గనే. నువ్వు నా పక్కన కూసో. తమ్ముణ్ణి సూడకు, నీళ్ళను సూడకు, నా కాళ్ళనే సూడు. జర ఎర్రగయినా సరే, వాణ్ణి నాకియ్యనియ్యకు. నాకు నొప్పి తెల్వది గదా తల్లీ, నా బదులు నువ్వే మొత్తుకోవాలె. గట్టిగ మొత్తుకో, ఊరంత ఇనవడని. సల్లగ బతుకుండ్రి ఇద్దరు, నా ఆయుష్షు గూడ పోస్కోని...

పో, గా చెప్పు తే. కాలికి నువ్వే తొడుగు.