నా సొంత ఆలోచనే

ఏమిటమ్మా, ఇంకా ఈ బల్ల మీదే కూర్చున్నారా? అటెండరు చెప్పలేదూ, మీ కేసు అయిపోయిందని? వీళ్ళకి ఒక్క పని చేతనైతే ఒట్టు! చివరికి అన్నీ ఈ ప్రాసిక్యూటరే చెప్పుకోవాలి.

లేవకండి, లేవకండి. నేనే కూర్చుంటాను.

అయిపోయిందంటే... గెలిచామని కాదమ్మా. కేసు మేమే వెనక్కి తీసుకున్నాం. గోడౌను ఓనరు ఇంటికి వెళ్ళిపోయాడు.

పోలీసులా? పాపం, వాళ్ళనెందుకంటారు? ఆ ఇన్‌స్పెక్టరు మంటలారిన మర్నాడే అరెస్టు చేశాడు. మంటల్లో చిక్కుకుని మీ ఆయన ఎంత తన్నినా తెరుచుకోని ఆ వెనక తలుపు తాళం, ఓనరు సొరుగులో దొరికిన తాళంచెవి, రెండూ గుడ్డలో చుట్టి సీలు వేసి మరీ తెచ్చిచ్చాడు.

అరెస్టు పోలీసులది. తీర్పు జడ్జిగారిది. మధ్యలో కేసు నడపాలా మానాలా అన్నది నాది. నా ఒక్కడిదేనమ్మా. మంత్రి చెప్పినా సరే, నేను కాదంటే కాదంతే. చట్టంలో అలాగే ఉంది. ఎంత బాగా రాశారో!

మరెవరు మానమన్నారంటారా? ఎవరూ అనలేదు. అదే విచిత్రం. పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "మీ ఇష్టమండీ, పూర్తిగా మీ ఇష్టం" అన్నారు. అరగంటలో కాగితం వచ్చింది, టైపు చేసి. "నేను స్వతంత్రంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఆలోచించి, సాక్ష్యం చాలదని నిశ్చయించుకున్నాను" అని. చూడండి, నా ఆలోచన నాకే కవర్లో పెట్టి పంపారు!

కింద పేరు నాది కాదు. వేరే ఊరి ప్రాసిక్యూటరుది. మార్చడం మర్చిపోయినట్టున్నారు. నేనే కొట్టేసి, నా పేరుతో మళ్ళీ టైపు చేయించాను.

నవ్వు రాలేదా? నాకూ రాలేదు. ఏమీ రాలేదమ్మా, కోపం కూడా. టీ వస్తే తాగాను.

జడ్జిగారు మాత్రం ఓ పట్టాన వదల్లేదు. కళ్ళజోడు తీసి, "ఇది మీ సొంత ఆలోచనేనా?" అన్నారు. అవునన్నాను. మళ్ళీ అదే అడిగారు. "కావాలంటే వారం వాయిదా వేస్తాను, ఇంకోసారి చూసుకోండి" అన్నారు. పాపం, నా కోసం తలుపు తీసి పట్టుకున్నారాయన.

అక్కర్లేదండీ అన్నాను. నేనే అలా అంటుంటే ఆయన మాత్రం ఏం చేస్తారు?

భయమా? ఏమో. నన్నెవరూ బెదిరించలేదే! ఇరవై రెండేళ్ళ సర్వీసు. కాదనడం ఎలాగో మర్చిపోయినట్టున్నాను.

ఏమిటీ, ఫైలు చదివానా అనా? నాలుగుసార్లు చదివాను. కేసు నిలబడేదమ్మా. ఆ తాళం ఒక్కటి చాలు, శిక్ష పడేది.

ఏడవకండి... లేదులే, మీరు ఏడవడం లేదు. సరే.

ఇదిగో, నా మాట వినండి. పైకోర్టుకి వెళ్ళండి. ఎవరైనా గట్టి ప్లీడర్ని పట్టుకోండి. ఆ ఆలోచన ప్రాసిక్యూటరుది కాదని, కోర్టులో నిలబడి అబద్ధమాడాడని రాయించండి. నా పేరు పెట్టించండి, ఫరవాలేదు.

అప్పుడు వాళ్ళు నన్ను అడుగుతారు, నిజమేనా అని.

నా సొంత ఆలోచనే అంటానమ్మా.