ముందు రోజే కొట్టిన హారన్

"ఒరే తుంపరా, ఎక్కడున్నావురా, బయటికి రా."

షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని అక్క కేక వేసింది. అక్క అంటే నాకు అక్క కాదు, తుంపరకి సొంత అక్క, ఆ షెడ్డు ఆమెదే. ఆమె గొంతు వింటే చచ్చిన బ్యాటరీ కూడా లేచి కూర్చుంటుందంటారు. తుంపర మాత్రం తాపీగా వచ్చాడు. చేతిలో ట్రే, అందులో మెత్తటి గుడ్డ, గుడ్డ మీద మూడు రకాల ఇంజెక్టర్లు. ఒక్కోదాన్నీ పసిపిల్ల ముక్కు తుడిచినట్టు తుడుచుకుంటూ వచ్చాడు. అతనికి ఆ పేరెందుకొచ్చిందో మొదటిరోజే తెలిసింది నాకు. ఊపులో మాట్లాడితే ఎదుటివాళ్ళ మీద నాలుగు చుక్కలు పడాల్సిందే. అందరూ కాస్త జరిగి కూర్చుంటారు. నేను మాత్రం ఎప్పుడూ జరగలేదు.

కారు నాది. లోపల ఇనప స్టాండ్ల మీద, బానెట్ తెరుచుకుని నోరెళ్ళబెట్టి ఉంది. నాకు చదువు పెద్దగా అబ్బలేదు గానీ స్టీరింగు అబ్బింది. మా అన్నయ్యా నేనూ కలిసి దానికి పెద్ద టర్బో పెట్టించాం. టర్బో ఇంజన్లోకి గాలిని బలవంతంగా తోస్తుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. ఆ పెట్రోలు చిమ్మే ముక్కులే ఇంజెక్టర్లు. చిన్నవి పెడితే పెట్రోలు చాలక ఇంజన్ లోపల్లోపలే కాలిపోతుంది. మరీ పెద్దవి పెడితే బండి నిలబెట్టినప్పుడు పెట్రోలు ఎక్కువై దగ్గి దగ్గి ఆగిపోతుంది. ఏది సరైనదో తేల్చాల్సింది తుంపర. ఎంత దూరం నుంచైనా కార్లు అతని దగ్గరికే వస్తాయి.

నేను నడపాల్సిన కార్ల పందెం దగ్గరపడింది. అది జరిగేది చాలా దూరంలో. ఇంజెక్టర్లు బిగించిన రోజే నేను బయల్దేరాలి. చిక్కంతా అక్కడే. పొద్దున పందెం తలుచుకుని ఇవాళైనా తేలాలని పరుగున షెడ్డుకి వస్తాను. సాయంత్రం అతని మాటలు విన్నాక, ఇవాళ కూడా తేలకపోతే బాగుణ్ణు అనుకుంటూ వెళ్తాను. ఈ సంగతి మా అన్నయ్యకి కూడా చెప్పలేదు.

ఆ రోజు అక్క ఖచ్చితంగా చెప్పేసింది. ఈ పూట తేలకపోతే ఈ పిల్లని బండి తీసుకుని ఇంకో షెడ్డుకి పొమ్మని తనే చెబుతుందట, తమ్ముడని చూడదట. తుంపర ట్రేని బల్ల మీద పెట్టి, టీ గ్లాసు అందుకుని, నిట్టూర్చాడు. ఇంజెక్టర్లు ఎంచడమంటే సంబంధం చూడ్డం లాంటిదనీ, తొందరపడితే తర్వాత ఇద్దరూ ఏడుస్తారనీ అన్నాడు. పక్కనే రంగులేసే బాబాయి మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, "మొదలెట్టాడు" అన్నాడు, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూనే.

"అది కాదు బాబాయ్, ఆ బూడిదరంగు కారు గుర్తుందా నీకు? నీకెక్కడ గుర్తుంటుంది, అది నిలబడితే కదా నువ్వు చూడ్డానికి. ఒక పెద్దమనిషి దాన్ని తాడు కట్టి లాక్కొచ్చాడు. ఎత్తు ఎక్కలేకపోతోంది, దగ్గుతోంది, రోగమేంటో ఎవరూ పట్టుకోలేకపోయారు. నేను బానెట్ మీద చెవి పెట్టాను, అంతే. అయ్యా, మీ బండికి రోగం లేదు, ఆకలి అన్నాను. చిన్న ఇంజెక్టర్లు పీకేసి ఇంత లావువి పెట్టాను. దగ్గు పోయింది."

ఇంతవరకూ నిజమే అయ్యుంటుందని అక్క కూడా తలూపింది. అతను ఒక్క గుటక టీ తాగి నా వైపు చూశాడు. ఆ చూపు పడితే నాకు ఎక్కడో తాళం తిరిగినట్టు ఉంటుంది.

"దగ్గు పోయిందంటే ఊరికే పోలేదు. బండి నిలబెట్టి ఉంచితే ఎంత నెమ్మదో తెలుసా? బానెట్ మీద సీతాకోకచిలుక వాలి నిద్రపోయింది. ఇంజన్ ఆన్‌లోనే ఉంది మరి. ఆ పెద్దమనిషి ఆగిపోయిందనుకుని మళ్ళీ తాళం తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాను, పాపం లేస్తుంది, ఆగండీ అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సీతాకోకచిలుక లైసెన్సు అడిగింది" అన్నాడు బాబాయి.

తుంపర పట్టించుకోలేదు. గ్లాసు పక్కన పెట్టాడు. రెండు చేతులూ ఖాళీ అయ్యాయంటే ఇక అతన్ని ఎవరూ ఆపలేరు.

"రోడ్డు మీదికి తీశాం. ఆయన నడుపుతున్నాడు, నేను పక్కన. పెడల్ మీద ఇలా కాలు ఆనించాడో లేదో, బండి వెళ్ళిపోయింది, దాని నీడ మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది. నవ్వకక్కా, నా కళ్ళతో అద్దంలో చూశాను, వెనకాల ఒంటరిగా ఉంది పాపం. స్పీడు ముల్లు చివరిదాకా వెళ్ళి, ఇక అంకెలు లేక, చుట్టూ తిరిగి సున్నా దగ్గరికొచ్చి నిలబడింది. పోలీసాయన ఆపాడు. ఎంత వేగమని తొంగి చూస్తే సున్నా. నిలబడి ఉన్న బండికి జరిమానా ఎలా రాస్తాడు? సెల్యూట్ కొట్టి పంపించేశాడు."

"అంత వేగంగా పోయే బండిని ఆయన ఎలా ఆపాడ్రా?" అంది అక్క.

టీకి ఆగినప్పుడని తుంపర చెప్పాడు. అంత వేగంలోనూ మనిషికి టీ కావాలి కదా అన్నాడు. బాబాయి పొట్ట పట్టుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రోడ్డు మీద తప్పిపోయిన ఆ నీడ కోసం నిజంగానే జాలేసింది. పందేల్లో గెలిచినవాళ్ళని నేను చూశాను, కప్పులు పట్టుకుని గొప్పలు చెప్పుకునేవాళ్ళని చూశాను. వాళ్ళ మాటల్లో వాళ్ళే ఉంటారు. ఇతని మాటల్లో సీతాకోకచిలుక ఉంటుంది, నీడ ఉంటుంది. ఇలాంటివి తోచే తల లోపల ఎలా ఉంటుందో ఒక్కసారి దాని బానెట్ ఎత్తి చూడాలనిపిస్తుంది.

"అసలు ఇబ్బంది హారన్‌తో వచ్చింది" అని అతను ముందుకు వంగాడు. నా మోచేతి మీద ఒక చుక్క పడింది. "కొడితే మేం దాటిపోయాక వినబడుతోంది. ముందున్నవాళ్ళు తప్పుకునేదెట్లా? ఒక లారీ ఆయన మొహం చూడాలి మీరు, మేం కనుమరుగయ్యాక దారి ఇస్తున్నాడు. అప్పుడొక ఉపాయం పన్నాను. మర్నాడు వెళ్ళాల్సిన దారికి ముందు రోజే హారన్ కొట్టి పెట్టేవాళ్ళం. సాయంత్రం కూర్చుని, ఈ మలుపుకొకటి, ఆ వంతెనకి రెండు, బడి దగ్గర మెల్లిగా ఒకటి. మర్నాడు బండి వెళ్ళే వేళకి అవి సరిగ్గా చేరేవి."

బడి దగ్గర మెల్లిగానా అని అడిగాను నేను.

"పిల్లలు ఉలిక్కిపడరూ" అన్నాడు, అంత అబద్ధం మధ్యలో నిజంగా నొచ్చుకుంటూ.

ఇక బాబాయి కూడా ఊరుకోలేకపోయాడు. చివరికి ఆ బండి ఏమైందో చెప్పి పుణ్యం కట్టుకోమన్నాడు. తుంపర లేచి నిలబడ్డాడు.

"చివరి రోజు ఇక్కడినుంచి బయల్దేరి, కొండ చుట్టి, తిరిగి షెడ్డుకే వచ్చాం. వచ్చి చూస్తే ఏముంది? నేను గుమ్మంలో కూర్చుని చెప్పులేసుకుంటున్నాను. నేనే బాబాయ్. ఇంకా బయల్దేరలేదు నేను. కిటికీ దించి, ఒరేయ్, ఇక రానక్కర్లేదు, వెళ్ళొచ్చేశాం అన్నాను. వాడు చెప్పులు విప్పేసి లోపలికి పోయి పడుకున్నాడు. అక్కా, నువ్వు వాడికి అన్నం కూడా పెట్టావు."

అక్క నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి కళ్ళు తుడుచుకుంటూ, సరేరా, అంతటి బండికి ఇంజెక్టర్లు ఎంచడానికి నీకెంతసేపు పట్టిందని అడిగాడు. తుంపర ఛాతీ విరుచుకున్నాడు.

"ఎంతసేపేంటి. కళ్ళు మూసి తెరిచేలోపు. నాకు ఏ బండికైనా అంతే."

అక్క నవ్వు ఆగింది. కొంగు దించి, తమ్ముడి మొహంలోకి చూసింది.

"మరి ఈ పిల్ల బండికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందిరా?"

అతను విరిచిన ఛాతీ దించాడు. బాబాయి మెల్లిగా లేచి, ఎప్పుడో ఆరిపోయిన రంగుని మళ్ళీ వేలితో ముట్టి చూడ్డం మొదలుపెట్టాడు. తుంపర ట్రే మీదికి వంగి, మధ్యలో ఉన్న సెట్టుని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇవేనక్కా" అన్నాడు. గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, అతనిదేనా అనిపించింది. "మొదటిరోజే తెలుసు. బిగిస్తే ఆవిడ వెళ్ళిపోతారు."

అందులో సీతాకోకచిలుక లేదు, నీడ లేదు. ఉన్నదున్నట్టు ఉంది. నా చెవులు వేడెక్కాయి. అక్క నా వైపు చూడకుండా ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్ళింది.

బిగించమన్నాను. పందేనికి వెళ్ళాలని, వెళ్తానని కూడా చెప్పాను. అతను తలూపి, తల దించుకుని, కారు వైపు నడిచాడు. స్పానరు చేతిలోకి తీసుకున్నాడు. నేను వెనకే వెళ్ళి, తెరిచిన బానెట్‌కి ఇవతల నిలబడ్డాను. మధ్యలో నా ఇంజన్. నాకు అతనిలా అల్లి చెప్పడం చేతకాదు. ఉన్న మాటే చెప్పాను.

"పందెం అయ్యాక ఇక్కడికే వస్తాను. కారుకి ఏమీ కాకపోయినా వస్తాను."